పద్నాలుగో బటన్

సాలిగ్రామంలో కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ
నా మంచం కింద పెట్టె గురక మొదలెడుతుంది.
అందులో వరదరాజులు గారి గొంతు ఉంది.
నలభై ఏళ్ళు పరాయి నోళ్ళకు అద్దెకిచ్చిన గొంతు.
తెరమీద కత్తి దూసింది ఎవరో,
"రా" అన్నది ఈయన.

ఆ "రా"లు ఇప్పటికి మూడువందల పన్నెండు.
బూజు పట్టిన క్యాసెట్ల నుంచి,
పెళ్ళి వీడియో చివర చెరపడం మరిచిన నాలుగు నిమిషాల నుంచి
అభిమానులు ఏరి పంపినవి.
వాటిని వెతికిపెట్టే ప్రోగ్రామ్ రాసింది చెంగల్రాయుడు.
నేను కాపలా మనిషిని.

పగలు పెరుంగుడిలో ఎవరెవరివో జీతాలు లెక్కకట్టే సాఫ్ట్‌వేరు.
రాత్రి ఇది.
దీనికి జీతం లేదు, లీవూ లేదు.

చెంగల్రాయుణ్ణి నేనెప్పుడూ చూడలేదు.
కోడు చదివితే మనిషి తెలుస్తాడు.
ఒకచోట, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు:
"ఇది ముట్టుకోవద్దు. ఎందుకు పనిచేస్తోందో నాకే తెలీదు."
ఇంకోచోట, తెల్లవారుజాము మూడుంబావుకి:
"రేపు సరిగ్గా రాస్తా."
ఆ రేపటికి పదకొండేళ్ళు.
ఇప్పుడు గుమ్మిడిపూండిలో బ్యాటరీల కొట్టట.
ఫోన్ చేస్తే,
"ఇంకా నడుస్తోందా అది?" అని నవ్వి
లారీ వచ్చిందంటూ పెట్టేశాడు.

"క్షమించు" అని వెతికితే ఒక్కటీ దొరికేది కాదు.
విలన్ గొంతు కదా,
ఆయన ఆ మాట ఎందుకంటాడని అందరం సరిపెట్టుకున్నాం.
మొన్న వానకి ఆఫీసు బస్సు రాని రోజు
తడిసిన చెప్పులు ఫ్యాను కింద పెట్టి
ఒక్కో వరుసా దిగుతూ పోయాను.
క్ష దగ్గర ప్రోగ్రామ్ తడబడుతోంది.
అక్షరాన్ని ముక్కలుగా విరిచి
ఏ ముక్కనీ గుర్తుపట్టక
ఏమీ లేదని చెబుతోంది ఇన్నేళ్ళుగా, ఎంతో మర్యాదగా.
రెండు వరుసలు మార్చాను.
తొమ్మిదిసార్లు అన్నాడాయన.
ఒకసారి ఏడుస్తూ.

ఆ సంగతి అందరికీ రాసి
గర్వంగా పడుకున్నానా,
తెల్లారకముందే కావలి నుంచి మస్తాన్‌బీ.
"ఆ తొమ్మిదీ యాడుండాయమ్మా?
నా ఫోను బటన్, బటన్, బటన్ అంటుండాది,
పద్నాలుగుసార్లు.
ఏ బటనో చెప్పదే?"

చూపు లేదన్న మాట ఆమె అనలేదు.
అర్థం చేసుకోవడానికి నాకే కాస్త సేపు పట్టింది.
బొమ్మలున్నాయి బటన్ల మీద, భూతద్దం, బాణం, చిన్న స్పీకరు,
పేర్లు లేవు.
ఇన్నేళ్ళూ ఆమె తడుముకుంటూ
మూడోది నొక్కితే గొంతు, ఏడోది నొక్కితే మౌనం అని
లెక్క పెట్టుకుని వింటోందట.
నేను కొత్తగా ఒకటి చేర్చిన రోజున
ఆమె లెక్కంతా తప్పింది.

కూర్చుని పేర్లు పెట్టాను.
వెతుకు. విను. ఆపు. వెనక్కి.
పదమూడింటికి తేలిగ్గానే దొరికాయి.
పద్నాలుగోది నొక్కితే ఏమీ కాదు,
తీసేస్తే మొత్తం ఆగిపోతుంది.
చెంగల్రాయుడు "ముట్టుకోవద్దు" అన్నది దీన్నే.
దోమల బ్యాటు టప్పున పేలేదాకా ఆలోచించి
"ఊరకే" అని పెట్టాను.

మళ్ళీ ఫోన్.
"తొమ్మిదీ విన్నానమ్మా. ఆ ఏడుపుది రెండుసార్లు విన్నా.
ఊరకే అని ఒకటుండాది, అదేంది?
నొక్కితే ఏమవుద్ది?"
"ఏమీ కాదండీ."
"అయితే రోజూ ఒకసారి నొక్కుతాలే."

పొద్దున్నే పళ్ళు తోముకుంటూ
పెట్టె రాత్రంతా రాసుకున్నది చూస్తాను,
ఎవరొచ్చారు, ఏం వెతికారు, ఎక్కడ తట్టుకున్నారు.
ఆరుంపావు దగ్గర ఒక వరుస ఉంటుంది.
కావలి. ఊరకే.
తప్పేమీ జరగలేదు.