పుత్తూరు కట్టు

బండి జారి ముంజేయి విరిగిన నాటికి
పాఠం సగంలో ఉంది. బోర్డు మీద
నేను గీసిన వంకర గీత
ఇంకా ఎవరూ చెరిపి ఉండరు.

చెంగల్రాజు ఎక్స్‌రే కవరు విప్పనైనా లేదు.
"పక్కన పెట్టు సామీ" అని కళ్లు మూసుకున్నాడు.
బొటనవేలు చర్మం మీద నడిచింది
మోచేతి నుంచి కిందికి, నిదానంగా,
ఒకచోట కాస్త పక్కకు ఒరిగి.
"ఈడ ఉండాది."

నాకేమీ కనిపించలేదు.
నొప్పి మాత్రం అవునంది.

కృష్ణపదార్థమూ అంతేనని కదా పిల్లలకు చెబుతున్నాను:
మెరవదు, మండదు, నీడైనా వెయ్యదు.
వెలుగు దాని కడుపులోంచే దాటి వస్తుంది
ఒక్క రవ్వ రాలకుండా.
తిన్నగానే వచ్చానంటుంది, పాపం, అబద్ధమూ కాదు;
ఒరిగింది అది నడిచిన చోటు, దానితోపాటు కాలం.
మన దాకా చేరేసరికి
ఎక్కడిదో పాత గెలాక్సీ
పగిలిన గాజుముక్కలా సాగి ఉంటుంది.
ఆ వంపును కొలిచి, మధ్యలో
ఎంత బరువు దాగుందో చెబుతాం.

వెదురుబద్దలు, కోడిగుడ్డు సొన, పసరు, మల్లుగుడ్డ.
చుడుతూ చుడుతూ ఏం పాఠమని అడిగాడు. చెప్పాను.
"మరి దాన్ని ఎవురు ముట్టి చూసినారు?"
ఎవరూ ముట్టలేదన్నాను.
"ఊఁ" అని ముడి బిగించాడు.
ఆ ఊఁ ఎటు పోయిందో తెలియలేదు.

పదిరోజులకు మళ్లీ రమ్మన్నాడు.
రేణిగుంట బస్సులో, చెయ్యి ఒళ్లో పెట్టుకుని,
వడమాలపేట దాటాక
కిటికీలో కొండ లేదు,
చుక్కలు లేని మేర మాత్రం ఉంది.
సొన ఆరుతోంది.
కట్టు కింద చర్మాన్ని మెల్లగా
ఏదో ఒక పక్కకు లాగుతోంది.