ఏడు అంగుళాలు

వాల్పరైసో కొండ మీద మా వంటింట్లో
టీ ఎప్పుడో చల్లారిపోయింది.
కరెంటు బిల్లు వెనక పెన్సిలుతో రాసుకుంటున్నాను:
సాంతియాగో నుంచి సిడ్నీ, పద్నాలుగు గంటలు.
మేం నలుగురం.
మామూలు సీటుకీ తెర అవతలి సీటుకీ తేడా
మనిషికి నాలుగు లక్షల ఎనభై వేల పెసోలు.
అందుకు వాళ్ళిచ్చేది
మోకాళ్ళ ముందు ఏడు అంగుళాలు,
ఇంకాస్త వెనక్కి వాలే వీపు,
మందపాటి దుప్పటి,
ప్లాస్టిక్‌ది కాని గ్లాసు.

ఏడు అంగుళాలంటే ఎంతని
టేపు తెచ్చి టేబుల్ మీద పరిచాను.
తేయో చెయ్యి పెట్టి కొలిచి
"నా చెయ్యి, ఇంకో సగం చెయ్యి" అన్నాడు.
వాడికి నాలుగేళ్ళు. ఏ సీటైనా వాడికి మంచమే.
అంపారోకి తొమ్మిది. కిటికీ ఉంటే చాలు.
దాని పళ్ళ తీగకి కట్టాల్సిన రెండో వాయిదా
ఇంచుమించు ఒక సీటు తేడా అంతే.
ఆ మాట నేను పైకి అనలేదు.
నాలుకతో తీగని తడుముకుంటూ
అదే నా వంక చూసింది.

మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోమంటారు.
బాగానే ఉంది.
ఆ మంచం మీద ఎవరెంతసేపు పడుకున్నారో
ఎవరూ రాసిపెట్టరు.

నేను రేవులో క్రేన్ నడుపుతాను.
నలభై మీటర్ల ఎత్తున గాజు గదిలో
నా ఒక్కడికే ఒక కుర్చీ,
చేతులకి ఆనుడు, పాదాల కింద సముద్రం.
ఎనిమిది గంటలు ఎవరి మోచెయ్యీ నాకు తగలదు.
నీవెస్ రొట్టెల కొట్లో నిలబడుతుంది,
తెల్లవారి ఐదు నుంచి.
ఇంటికొచ్చాక టీ కూడా నిలబడే తాగుతుంది,
కూర్చుంటే మళ్ళీ లేవలేనని.
బస్సులో సీటు దొరికినా
ఒళ్ళో ఒకరు, భుజం మీద ఒకరు.

పెన్సిలు అక్కడ ఆగింది.
నాలుగుతో గుణించడమే నా పొరపాటు.

ఒకటే కొన్నాను. వెళ్ళేటప్పటికి మాత్రమే.
చెప్తే మండిపడింది.
"పిల్లల్ని వదిలేసి తెర అవతల నేనొక్కదాన్నా?
చూసేవాళ్ళేమనుకుంటారు?"
చూసేవాళ్ళందరూ కాళ్ళు ముడుచుకుని ఉంటారు నీవెస్,
అనుకునే ఓపిక ఎవరికుంటుంది అన్నాను.
ఆ డబ్బుతో చలికాలమంతా గ్యాసు వచ్చేదంది.
నిజమే. ఆమె లెక్కా తప్పు కాదు.
రెండు రోజులు నాకు రొట్టె కొంచెం మాడ్చి పెట్టింది.

మూడో గంటలో తెర కదిలింది.
తేయో తల నా తొడ మీద,
వాడి కాళ్ళు అంపారో ఒళ్ళో,
నా మెడ ఎటు పోయిందో నాకే తెలీదు.
కళ్ళు మూసుకుని నిద్ర నటించాను.
తెరిస్తే తను ఇక్కడే ఉండిపోతుంది.
మందపాటి దుప్పటి బరువు మా ముగ్గురి మీదా పడింది.
కాసేపు అలాగే నిలబడింది, అలవాటు కొద్దీ.
తర్వాత అడుగుల చప్పుడు
ముందుకి పోయింది.

ఎనిమిదో గంటలో తేయోకి బాత్రూము.
వెనకవి నిండితే ముందుకి పంపారు.
దారిలో చూశాను:
నోరు కొంచెం తెరుచుకుని,
ఒక చెయ్యి కిందికి వేలాడేసి,
కాళ్ళు బారచాపి నిద్రపోతోంది
ఎవరి తల్లీ కానట్టు.
వాచిన పాదాలు. మడమ పగుళ్ళలో ఇంకా
కాస్త పిండి.
"అమ్మా" అనబోయిన వాడి నోటికి
నా అరచెయ్యి అడ్డం పెట్టాను.

సిడ్నీలో మా చెల్లి మొదటి ప్రశ్న:
"ఎలా ఉంది వదినా, ఖరీదైన సీటు?"
"ఏమో," అంది నీవెస్,
"నిద్రపోయాను. ఏమీ చూడలేదు."

వచ్చేటప్పుడు నలుగురం ఒకే వరసలో.
పళ్ళ తీగ వాయిదా ఇంకా బాకీ.
నా మెడ
ఇవాళ్టికీ కొంచెం ఎడమకే ఉంటుంది.