రెండు గంటల గడి

కందుకూరు ఏరియా ఆసుపత్రి పాత రిజిస్టర్ల మీద
ఇంకా ప్రకాశం జిల్లా ముద్రే ఉంది.
బయట బోర్డు మీద నెల్లూరు అని కొత్త రంగు.
నడుం విరిగి పడుకున్నవాళ్ళకు
ఏ జిల్లా అయినా అదే మంచం, అదే వీపు.

దీవెనమ్మ సిస్టర్ అరచేతిలో స్పిరిట్ పోసుకుని
నడుం కింద ఎముక మీద గట్టిగా రుద్దుతుంది,
పైన ఇంత పౌడరు.
"ఇరవై ఎనిమిదేళ్ళమ్మే.
నా చేతికింద పుండు పడ్డ మనిషి లేడు."
ఎంతమందిని చూశారు సిస్టర్, అన్నాను.
"లెక్క యాడ పెడతాం? గుర్తుంది."

షంషాద్ మేడం క్లాసులో అంది:
గుర్తుకు మొహమాటం ఎక్కువ,
మానినవాళ్ళనే లోపలికి పిలుస్తుంది.
మాననివాళ్ళు ఒంగోలుకో నెల్లూరుకో రిఫరై పోతారు,
మళ్ళీ కబురుండదు.
అందుకే గీతలు గీయండి.

గీశాను.
మంచానికో కాగితం, రెండు గంటలకో గడి.
ఎడమకు తిప్పితే ఎ, కుడికైతే కు, వెల్లకిలా వె.
పొగాకు కట్టే పురికోసతో కమ్మీకి వేలాడదీశాను.

మూడో మంచం మాలకొండయ్య
బ్యారన్ కర్రల మీంచి జారినవాడు.
భార్య చెంచమ్మ అడిగింది, ఇందులో మాకేమొస్తది?
ఏమీ రాకపోవచ్చు.
వద్దంటే వద్దు, వైద్యం ఆగదు.
ఆమె నన్ను చాలాసేపు చూసింది,
వద్దనొచ్చని ఆసుపత్రిలో ఎవరైనా చెబుతారా అన్నట్టు.
వేలిముద్ర వేసి
మిగిలిన సిరా గోడకు తుడిచింది.

లైబ్రరీలో కరెంటు పోయేలోపు మూడు వ్యాసాలు.
రుద్దితే లోపలి కండ నలుగుతుందని రెండు.
ఎన్ని గంటలకు తిప్పాలో పరుపును బట్టి, మనిషిని బట్టి అని
తేల్చకుండా వదిలేసింది ఇంకొకటి.
రుద్దొద్దని సిస్టర్‌తో చెప్పే ధైర్యం లేక
ఆ పేజీ ఆమె బల్లమీద పెట్టి
టీకి పోయాను.

పదిహేడో రాత్రి
స్టూలు మీదే కళ్ళు మూతపడ్డాయి.
తెరిచేసరికి నాలుగు కావస్తోంది.
రెండు గంటల గడి ఖాళీ.
కు, అని రాశాను.
ఒక్క అక్షరం. ఎవరు చూశారు?

తెల్లారి వీపు చూపించింది.
రూపాయి బిళ్ళంత ఎరుపు,
వేలితో నొక్కినా తెల్లబడని ఎరుపు.
కాగితం ప్రకారం అది అక్కడ ఉండకూడదు.

చెరపలేదు.
కింది అక్షరం కనబడేట్టు ఒక్క గీత కొట్టి
పక్కన "తిప్పలేదు", నా సంతకం.
చెంచమ్మకూ చెప్పాను.
తిట్టింది. చాలాసేపే తిట్టింది.
ఆ రాత్రి రెండింటికి
నా భుజం తట్టింది తనే.

ఆరు వారాలు. నలభై ఒక్కరు. ముగ్గురికి పుండ్లు.
"అంతకుముందు ఎంతమందికి?" అంది మేడం.
తెలియదు, ఎవరూ గీయలేదు.
"మరి తగ్గిందని రాస్తావా?"
రాయలేను మేడం.
"అయితే ఏం రాస్తావు?"
నలభై ఒక్కరిలో ముగ్గురు.
ఖాళీ గడులు ఇరవై ఆరు.
అబద్ధం గడి ఒకటి, దిద్దినది.

వైవాకొచ్చిన పెద్దాయన
పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పి, ఇంతేనా అన్నాడు.
ఇంతేనండీ.

పోస్టింగు ఆఖరి రాత్రి.
స్పిరిట్ సీసా అలమరాలో ఉన్నచోటే ఉంది.
దాని కింద చీటీల అట్ట వెనక
పెన్సిల్‌తో వంకర గీతలు,
రుద్దినోళ్ళు ఒక వరస, రుద్దనోళ్ళు ఒక వరస,
రెండో వరసలో నాలుగే పేర్లు.

నేను చూడడం దీవెనమ్మ సిస్టర్ చూసింది.
"నిన్ను నమ్మి కాదులే మే.
నా చెయ్యి ఏం చేసిందో చూద్దామని."

గోడ గడియారం వైపు తలెత్తింది.
"రెండవతా ఉంది.
అటుపక్క దుప్పటి పట్టుకో."