బయటికి పోయిన ఫైళ్లు

పొద్దున పదిన్నరకు
పుట్టపాక సొసైటీల ఐదు కంప్యూటర్ల నోర్లు మూసిన.
పెన్‌డ్రైవ్ పెడితే ఇగ పలుకదు.
మెయిల్‌కు అతికించుడు బంద్.
మన డిజైన్లు ఎక్కడో మిల్లుల అచ్చయితున్నయట,
పైనుంచి ఆర్డరు.

మాపటీలికి చెరిపల్లి ముత్తిలింగం వచ్చిండు,
మనవడు మెడల ఏసుకునే ఎర్ర పెన్‌డ్రైవ్ పట్టుకొని.
ఇటు పెట్టిండు. తిప్పి పెట్టిండు.
అంగీతో తుడిచి పెట్టిండు.
అనుమతి లేదన్నది తెర.

"నేను గీసిన రుమాలే గద పిలగా,
ఇంటి మగ్గం మీదికి ఎక్కియ్యాలె."

రూల్ కాగితం చదివిన నేను.
రెండో పేరా కాడ నా గొంతే నాకు
తాసిల్ ఆఫీసు లెక్క ఇనవడ్డది.

ఆయన కొట్లాడలే.
కుర్చీ గుంజుకొని తెర ముందట కూసున్నడు.
జేబులకెళ్లి నూలుపోగు తీసి
గడి గడికీ గోరుతోని లెక్కవెట్టుకుంట
చిటికి కట్టినట్టే ముడులేసిండు,
ఎరుపు కాడ ఒకటి, నలుపు కాడ జంట.
నడుమ కరెంటు పోయొచ్చింది.
మళ్ల మొదటి గడి కెళ్లి.

చీకటిపడ్డంక రిపోర్టు పంపిన:
బయటికి పోయిన ఫైళ్లు, సున్న.
ముడులు రాసేటందుకు
ఆ ఫారంల గడి లేదు.

ఎర్ర పెన్‌డ్రైవ్ నా బల్లమీదనే మరిచిపోయిండు.
ఖాళీదే.
రేపు ఇయ్యాలె.