పదకొండున్నర వోల్టులు

మీటరు మొహమాటపడదు.
పొద్దున్న ఆరింటికి పదకొండున్నర వోల్టులు.
అంటే ఫోనో, ఫ్యానో, దీపమో,
ఏదో ఒకటే.
దీపం ఆర్పేశాను.
చీకటి ఎటూ ఉచితమే.

ఇరవై రెండేళ్లు ఈ బస్సు
ఐలండ్ పాండ్ పిల్లల్ని బడికి మోసింది.
వేలంలో కొని, సీట్లు పీకి, మంచం వేశాను.
డ్రైవరు సీటు వెనక ఇనప పొయ్యి,
పైకప్పుకి చిల్లు పెట్టి పొగగొట్టం.
ఎంత గీకినా పోనిది ఒక్కటే,
కిటికీ కింద రేకు మీద
మేకుతో చెక్కిన మాట:
"ట్రావిస్ కక్కింది ఇక్కడే."
నా తలగడ సరిగ్గా ఆ చోటే.

అక్టోబరులో కట్టెలు లెక్కపెట్టుకున్నాను,
రోజుకి ఇరవై, మార్చి దాకా ఢోకా లేదని.
చలి ఏ బళ్లోనూ లెక్కలు నేర్చుకోలేదు.
జనవరి పదిహేనుకే
ఫిబ్రవరి కుప్పలో చెయ్యి పెట్టాను.

పొయ్యిలో పిల్లి లేవలేదంటారు మావైపు,
పస్తున్న ఇంటి గురించి.
ఇక్కడ పిల్లి పొయ్యి కిందే కాపురం.
లేవమంటే
ఒక కన్ను తెరిచి, మళ్లీ ముడుచుకుంటుంది.
నిప్పు చల్లారుతోందంటే మాత్రం
నాకంటే ముందు దానికే తెలుస్తుంది.
తడి ముక్కు తెచ్చి నా చెవిలో పెడుతుంది.

రాత్రంతా నేను వదిలిన ఊపిరి
అద్దాలకి పట్టి గడ్డకట్టింది.
ఇరవై నాలుగు కిటికీలు,
గరిటె కాడతో గీకుతూ కూచున్నాను.
ఎవరితో మాట్లాడానని ఇంత మంచు?

ఈ పొలం లొరెయిన్ తిబోది.
అద్దె వద్దంది,
వసంతంలో మేపుల్ చెట్ల నీళ్లు
బకెట్లతో మోసిపెడితే చాలంది.
మొన్న సంచెడు బంగాళాదుంపలు మెట్టు మీద పడేసి,
"చచ్చిపోకు, మార్చిలో నాకు కూలీ దొరకడు"
అని వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.
తెల్లారేసరికి దుంపలు రాళ్లయ్యాయి.
రాళ్లనే ఉడకేసుకున్నాను. బాగున్నాయి.

తుఫాను మూడోరోజు.
నిచ్చెనెక్కి సోలారు పలకలు ఊడుస్తున్నాను,
ఊడ్చిన చోట ఊడ్చినట్టే మళ్లీ రాలుతోంది.
అప్పుడు రోడ్డు చివర
మంచు తోసే లారీ, పసుపు దీపం తిప్పుకుంటూ.
అరిస్తే వినపడదు.
చెయ్యి ఊపితే తెల్లటి దాంట్లో ఇంకో తెలుపు.

బస్సుకి ఎడమ పక్కన ఆ ఎర్రటి చెయ్యి,
ఆగమని చెప్పేది.
ఇల్లుగా మార్చాక తీసేయాలిట, రూలు.
తుప్పుపట్టిన బోల్టు ఒకటి ఊడిరాక వదిలేశాను.
దిగి, రెండు చేతులా పట్టి లాగాను.
కిర్రుమంది, కదల్లేదు,
తిట్టాను, కదిలింది.
మిగిలిన కరెంటంతా
పైనున్న ఎర్ర దీపాలకి పోసేశాను.
ఫోను లేదు, ఫ్యాను లేదు, ఇంక ఏమీ లేదు.

లారీ ఆగింది.
హారను కొట్టలేదు, డ్రైవరు దిగలేదు.
రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని
బుద్ధిగా చూస్తున్నాడు.
పిల్లలు దాటాలి కదా.

ఎవరూ దాటలేదు.
మంచే దాటింది,
ఒకదాన్నొకటి తోసుకుంటూ, సంచులు ఊపుకుంటూ,
ఆఖర్న ఒక చిన్నది వెనకబడి, పరిగెత్తి.

అప్పటికి తేరుకుని అద్దం దించాడు.
"ఇదింకా బతికే ఉందా?" అన్నాడు.
వైర్లు తగిలించి, అరగంట ఇంజను ఆపకుండా
లోపలికొచ్చి నా టీ తాగాడు.
నడుమెత్తు నుంచి వంగి వంగి నడిచాడు,
ఎప్పుడో ఇక్కడ నిటారుగా నడిచిన మనిషిలాగ.
తలగడ దగ్గర ఒక్క క్షణం ఆగి
బొటనవేలితో రేకు తడిమాడు.
పేరు చెప్పలేదు.
నేనూ అడగలేదు.

పన్నెండు పాయింట్ రెండు.
దీపం వేశాను.
పిల్లి విసుక్కుంది.