కింద రాసిన అక్షరాలు

ఘుగ్గుస్‌ల వాన సుత నల్లగనే పడ్తది.
గనుల కాలనీ వెనుక రేకుల షెడ్డు,
పది రూపాయలకు తెల్లారేదాక సిన్మాలు.
ఆ ఏడు నా పేరు ఓదెలు.
అసలు పేరు చంద్రపూర్‌ల ఒక్క సాహెబ్‌కు తెలుసు,
ఆయన బీరువాల ఒక కాగితానికి తెలుసు.

నా పని, సైడింగుల ఆగిన వ్యాగన్లెక్కి
బొగ్గు కిందికి తోసుడు,
తోసినోళ్ల పేర్లు నెత్తిల పెట్టుకొనుడు.
నాలుగో నెల వచ్చేసరికి
తోసుడే బాగొచ్చింది.

ఒకనాడు సైడింగు మీద లైట్లు వెలిగినై, పని బంద్.
పోశంభావు మమ్ముల నల్గుర్ని తోలుకొచ్చి
ముందు బెంచీ మీద కూసోవెట్టిండు.
బబన్ పల్లికాయ వొలుస్తుండు.
క్యాసెట్టు ఎక్కడ మారిపోయిందో,
అట్ట మీద హిందీ కొట్లాట, లోపల జపాను సిన్మా.
మాట ఒక్కటి తెల్వది.
కింద ఇంగ్లీషు అక్షరాలు చీమల బారు లెక్క పోతున్నై.

"ఓదెలూ, పది ఫెయిలైనవు గద. సదువు."

పది ఫెయిలైనోడు ఎట్ల చదువుతడో
ట్రైనింగుల చెప్పలే.
మాట మాటకు ఆగిన. తడబడ్డ. మెడ గోక్కున్న.
ఒకపారి తెలుగుల, బబన్ కోసం మళ్ల మరాఠీల.
అబద్ధం రెండుసార్లు చెప్పాలె,
రెండుసార్లూ ఒక్కతీరుగ.

వీపు నిండ చేప పచ్చబొట్టు పొడిపిచ్చుకున్న పెద్దమనిషి,
వాని ముందు మోకాళ్ల మీద ఒక పడుచోడు,
ఇద్దరు ఒక్క గిన్నెల సారా పంచుకున్నరు.
"ఇగ వాళ్లు అన్నదమ్ములైన్రు" అన్న.
అది నిజమే.
తర్వాత పడుచోడు వానల తడుసుకుంట ఫోను డబ్బాలకు పోయిండు.
కింద అక్షరాలు అడుగుతున్నై:
నేను పోలీసునని ఇంకెన్నాళ్లు యాదివెట్టుకోవాలె, సార్?
నేను చదివిన:
"అమ్మా, పైసలు పంపుత. పైలం."
బబన్ కండ్లు తుడ్సుకున్నడు. వానికి తల్లి లేదు.

పడుచోని ఫోటువ పెద్దమనిషి చేతికి వచ్చింది, టోపీతోని.
"పాత బాకీ పత్రం" అన్న.
ఫోటువ అందరికీ కనవడుతనే ఉంది.
పోశంభావు నా దిక్కు చూడలే, తెర దిక్కే చూసిండు.
ఆఖరుకు బురదల ఇద్దరు, ఇద్దరి చేతుల కత్తులు,
అప్పుడే కరెంటు పోయింది.
"సచ్చింది ఎవడు?" చీకట్ల అడిగిండు.
"ఇంకా రాయలే, భావు."

ఆ రాత్రి రాజవ్వ జొన్నరొట్టె, ఎండుచేపల పులుసు పెట్టింది.
పద్దెనిమిదో రోజు జీపులొచ్చినై.
నేనే వేలు చూపెట్టిన.
ఆ సిన్మాల తప్పు చేసినోడు
చిటికెన వేలు కోసి తెల్లబట్టల చుట్టి ఇస్తడు.
నా వేలికి ప్రమోషనిచ్చిన్రు.

పదకొండేండ్లకు, వణీ బస్సు కోసం ఘుగ్గుస్ అడ్డ మీద
చాయ్ పట్టుకొని నిలవడ్డ.
పక్కన ఎవరో దగ్గిండు, బొగ్గు దగ్గు.
పోశంభావు. సగం మనిషి.
జరగబోతే మోచెయ్యి పట్టి ఆపిండు.

"తడబడుడు మంచిగనే తడబడ్డవు, తమ్మీ.
గని ఒక్క మాట కాడ తడబడలే.
అది వచ్చినప్పుడల్ల దుంకి అవతల పడ్డవు.
జీపు ముందు రోజూ చూసే మాట గది,
నాకెర్కే, బబన్‌గానికి సుత ఎర్కే."

చాయ్ మీద మీగడ కట్టింది.
పద్దెనిమిది రోజులు.
వ్యాగన్ల సందు ఉండె, వార్ధా నది ఉండె,
ఎవ్వరూ అడగని చీకటి ఉండె.
ఎందుకు అని అడుగుదమనుకున్న.
ఏ పేరుతోని అడగాలె?

బస్సొచ్చింది. నా గ్లాసుకు సుత ఆయనే పైసలిచ్చిండు.
"సచ్చింది ఎవడో ఇప్పుడన్న చెప్పు."

ఎక్కి కూసున్న.
కిటికీ అద్దం అవతల ఆయన పెదవులు ఇంకా కదులుతున్నై,
బస్సు ఇంజను చప్పుడు,
కింద అక్షరాలు లేవు.