వరుస చివరి గంట

నమస్కారం తిరగేసి పెట్టమంది ఫిజియో థుయ్.
ఆమె అలా అనలేదులెండి,
రెండు చేతుల వీపులూ ఆనించి
వేళ్ళు నేలకేసి చూపమంది, నిమిషం పాటు.
నాకే అలా వినపడింది.

నలభై సెకన్లకే
బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు
చెప్పాపెట్టకుండా ఎటో వెళ్ళిపోయాయి.
ఉంగరంవేలు సగం వెళ్ళి సగం ఆగింది.
చిటికెనవేలొక్కటే ఇంకా నా మనిషి.

న్యూకాసిల్లో, హంటర్ స్ట్రీట్ తూర్పు చివర, మూడో అంతస్తులో
పదకొండేళ్ళుగా
ఇతరుల గాయాలు టైపు చేస్తున్నాను.
గనిలో జారిన మోకాలు,
గోడౌన్లో పట్టేసిన నడుము,
కోళ్ళు కోసి కోసి బిగుసుకున్న ఎవరిదో మణికట్టు.
దాని గురించి మూడు పేజీలు కొట్టాను ఒక మధ్యాహ్నం,
నా మణికట్టు అప్పటికే ఏదో గొణుగుతోంది.
తర్వాత వింటాలే అన్నాను.

ఇప్పుడు రాత్రి రెండింటికి లేచి
థర్మామీటర్ విదిల్చినట్టు చెయ్యి విదిలిస్తున్నాను.
చింతపండు పిసికితే గింజ తెలియడం లేదు.
చొక్కా గుండీలు కళ్ళతో పెట్టుకుంటున్నాను.

ఆఫీసువాళ్ళు లాక్లన్ అనే కుర్రాణ్ణి పంపారు.
టేపు తీసి దర్జీలా
మోచేతి నుంచి బల్లకీ, కంటి నుంచి తెరకీ కొలిచాడు.
బల్ల కిందికి వంగి కాసేపు మాట్లాడలేదు.
"మీ పాదాలు నేలకి ఆనడం లేదండీ" అన్నాడు.
అయిదడుగులకి అంగుళం తక్కువ మనిషిని,
పదకొండేళ్ళూ
గాల్లో కూచునే జీతం తీసుకున్నానన్నమాట.

బాపట్లలో భుజంగరావు మాస్టారి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో
మణికట్టు వాలిందంటే కింద నుంచి స్కేలు తగిలేది.
"కూచోడం రానిదానికి టైపేం వస్తుందే" అనేవారు.
లోయర్ పాసై, హయ్యరూ పాసయ్యాక
చెయ్యి తిరిగింది అన్నారందరూ.
ఇన్నాళ్ళకి నిజంగానే తిరిగింది,
నా మీదికే.

ఆ మిషను మొరటుది.
ఒక్కో అక్షరానికీ చిటికెనవేలు గునపం కావాలి.
అయినా దానికో మర్యాద ఉండేది.
వరుస అయిపోవస్తోందంటే గంట కొట్టేది.
చెయ్యెత్తి క్యారేజీ తోసేదాన్ని.
కాగితం నిండితే లాగి, కార్బన్ మార్చి, ఇంకోటి ఎక్కించేదాన్ని.
తప్పు పడితే రబ్బరుతో చెరిపి
ఉఫ్ అని ఊదేదాన్ని.
ఊపిరి తియ్యడం కూడా పనిలో భాగమే అక్కడ.

ఈ తెర అలా కాదు.
వరుస దానంతటదే కిందికి దిగిపోతుంది,
నన్నడక్కుండా.

ఇరవై నిమిషాలకోసారి దూరం చూడమని చీటీ రాసిచ్చింది థుయ్.
దూరం అంటే మాకు సముద్రమే,
బొగ్గు కోసం వంతు కాస్తున్న ఓడలు.
మొన్న తొమ్మిది. నిన్న ఏడు.
"ఏంటి చూస్తున్నావ్?" అంది పక్కసీటు డెనీస్.
"మందు వేసుకుంటున్నా" అన్నాను.
ఆమె నవ్వలేదు.
అడుగు సొరుగు లాగి, పసుపు పచ్చబడిన పాత చేతికట్టు
నా కీబోర్డు మీద పెట్టింది.
ఎనభై ఆరులో, టైపిస్టుల హాల్లో పనిచేసినప్పటిదట.
నటిస్తున్నావన్నారట అప్పుడు.
వెల్క్రో ఇంకా పట్టుకుంటోంది.

ఈ పూట నా ఫారం నేనే నింపుకుంటున్నాను
ఎడమచేత్తో, ఒంటివేలితో, కోడి గింజలేరినట్టు.
గాయం జరిగిన తేదీ
అని ఒక గడి ఉంది.
అది ఖాళీగా వదిలితే ఫారం ముందుకు కదలదు.
ఎంతమందికి ఫోన్లో చెప్పానో,
ఏదో ఒక తేదీ వెయ్యండి సార్, తప్పదు సార్ అని.

ఏ తేదీ వెయ్యను?
పాదం నేలకి ఆనని మొదటి సోమవారమా?
కోళ్ళ మణికట్టు నాటి మధ్యాహ్నమా?

కర్సర్ కొట్టుకుంటోంది.
కిటికీలో ఓడలు ఎనిమిది.
ఎంతసేపు చూసినా ఇక్కడేదీ మోగదు కదా,
ట్రింగ్
అని నోటితో నేనే అన్నాను.
డెనీస్ తలెత్తి చూసింది.